కరోనా నాటి సైకిలు మోజు: నిలిచిందెంత, కరిగిందెంత

2020 మే నెలలో దేశవ్యాప్తంగా అమ్ముడుపోయిన సైకిళ్లు సుమారు 4.5 లక్షలు. జూన్‌లో ఆ సంఖ్య 8.5 లక్షలయింది. సెప్టెంబరు నాటికి నెలకు 11.2 లక్షలు దాటింది. సైకిలు తయారీదారుల అఖిల భారత సంఘం అప్పట్లో వెల్లడించిన లెక్క ప్రకారం ఆ ఐదు నెలల్లో అమ్ముడైనవి 41.8 లక్షలు. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీలు, దుకాణాలు మూతపడ్డ నెలల తరువాతి పుంజుకోవడం కూడా ఈ లెక్కలో కలిసే ఉంది కానీ, పెరుగుదల మాత్రం నిజమైనదే. పెద్ద నగరాల్లో గేర్ల సైకిలు కావాలంటే ముందే డబ్బు కట్టి వారాల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. జిమ్‌లు మూతపడ్డాయి, బస్సులో మెట్రోలో ఎక్కాలంటే భయం, నెలల తరబడి నాలుగు గోడల మధ్య కూర్చున్న ఒళ్లు బయటి గాలి కోరుకుంటోంది, అన్నిటికీ మించి రోడ్లు ఖాళీగా ఉన్నాయి. ఇన్ని కారణాలు ఒకేసారి కలిసిరావడంతో సైకిలుకు మళ్లీ మంచి రోజులొచ్చాయన్న మాట పత్రికల్లోనూ ప్రభుత్వ కార్యాలయాల్లోనూ గట్టిగానే వినిపించింది.

ఆ సైకిళ్లలో చాలావాటిని ఇప్పుడు చూడాలంటే రోడ్డు మీదికంటే అపార్ట్‌మెంట్ల సెల్లార్లలోకి వెళ్లడమే తేలిక. స్తంభాలకు చైనుతో కట్టేసి, దుమ్ముపట్టి, టైర్లలో గాలి దిగిపోయి కనిపిస్తాయి. అంతమాత్రాన ఆ ఉత్సాహమంతా నీటిబుడగని తేల్చేయడం తొందరపాటే అవుతుంది. ఎందుకు నిలవలేదు, ఎక్కడ నిలిచింది, నిలిచిన చోట ఏం జరిగింది అని విడివిడిగా చూస్తే, ఈ విషయంలో మనుషుల ఉత్సాహం పాత్ర అనుకున్నంత పెద్దది కాదని తెలుస్తుంది. రోడ్డు ఎలా ఉందన్నది అంతకంటే పెద్ద కారణం. ఆ మోజుతో ఏ సంబంధమూ లేకుండా రోజూ సైకిలు తొక్కుకుంటూ పనికి వెళ్లే మనిషిని ఎవరైనా లెక్కలోకి తీసుకున్నారా అన్నది మరింత పెద్ద ప్రశ్న.

ఈ రెండో సంగతి 2020లోనే కళ్లముందుకు వచ్చింది. గేర్ల సైకిళ్ల కోసం నగరాల్లో జనం వరుస కట్టడానికి కాస్త ముందు, అదే వేసవిలో, వేలాది వలస కూలీలు మిగిలిన డబ్బుతో పాత సైకిలో కొత్త సైకిలో కొనుక్కుని చెన్నై నుంచి, హైదరాబాదు నుంచి ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్‌లకు బయల్దేరారు. కోల్‌కతా జాతీయ రహదారి మీద నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా మూటలు కట్టిన సైకిళ్లు ఎండలో సాగిపోవడం ఆంధ్రప్రదేశ్‌లో ఎందరో చూశారు. గురుగ్రాం నుంచి ఒక పదిహేనేళ్ల అమ్మాయి గాయపడ్డ తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని దాదాపు 1,200 కిలోమీటర్లు తొక్కి బిహార్‌లోని దర్భంగా చేరింది. ఆ తరువాత కొద్దిరోజులకే, జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు, డెబ్బై ఏళ్ల చరిత్ర ఉన్న అట్లాస్ సంస్థ ఢిల్లీ పక్కనున్న సాహిబాబాద్ కర్మాగారంలో పని ఆపేసింది. నల్ల ఫ్రేము, వెనక కేరియర్, పక్కన స్టాండు ఉన్న మామూలు సైకిలును ఇంటింటికీ చేర్చిన సంస్థల్లో అదొకటి. అంటే ఖరీదైన సైకిలు అమ్మకాలు ఆకాశాన్నంటుతున్న వేళ, మామూలు సైకిలు చేసే కంపెనీ మూతపడింది, మామూలు సైకిలు తొక్కే మనిషి హైవే మీద ఉన్నాడు. ఆ ఏడాది జరిగిన చర్చ ఈ మూడింటిలో మొదటిదాని గురించే సాగింది.

సైకిలు మోజు ఉప్పొంగి చల్లారడం ఇదే మొదటిసారి కాదు. రెండు చక్రాలూ సమానంగా ఉండే సైకిలు 1885లో, గాలి నింపే టైరు 1888లో వచ్చాక, 1890ల మధ్యలో అమెరికా, ఐరోపాలను సైకిలు ఒక ఊపు ఊపింది. తరువాత విమానం ఎగరేసిన రైట్ సోదరులు 1892లో అమెరికాలోని డేటన్‌లో సైకిళ్ల దుకాణం తెరిచింది ఆ గిరాకీ చూసే. 1897 ప్రాంతంలో ఏడాదికి పది లక్షలకు పైగా సైకిళ్లు తయారుచేసిన అమెరికా, మరో ఏడెనిమిదేళ్లకు అందులో నాలుగో వంతు దగ్గరికి పడిపోయింది. కొన్నవాళ్లలో ఎక్కువమంది దాన్ని విహారానికి కొన్న మధ్యతరగతివాళ్లు. విహారానికి మరో వస్తువు రాగానే అటు వెళ్లిపోయారు. ఐరోపాలో మాత్రం ధరలు దిగి సైకిలు కార్మికుల చేతికి చేరడంతో మరో యాభై ఏళ్లు అక్కడి వీధుల్లో బతికింది.

ఇంతకంటే ఎక్కువ నేర్పే ఉదాహరణ 1973ది. ఆ ఏడాది అమెరికాలో 1.5 కోట్లకు పైగా సైకిళ్లు అమ్ముడుపోయాయి. ఆ రోజుల్లో అక్కడ కార్లకంటే సైకిళ్లే ఎక్కువ అమ్ముడయ్యాయి. అక్టోబరులో చమురు సంక్షోభం వచ్చిపడి, పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయి. సైకిలుకు ఇంతకంటే అనుకూలమైన కాలం ఊహించలేం. అయినా 1975 వచ్చేసరికి అమ్మకాలు సగానికి పడిపోయాయి. కొన్న సైకిలు మీద బడికీ బజారుకూ క్షేమంగా వెళ్లే దారి అక్కడి నగర శివార్లలో లేదు. ఇల్లు ఒకచోట, అంగడి ఐదారు మైళ్ల అవతల, నడుమ కార్ల కోసమే వేసిన రోడ్లు. సైకిళ్లు గ్యారేజీల్లోకి వెళ్లిపోయాయి.

అదే చమురు సంక్షోభం అదే ఏడాది నెదర్లాండ్స్‌నూ తాకింది. సైకిళ్ల దేశమని ఈనాడు అందరూ చెప్పుకునే ఆ దేశంలో అప్పటికి రెండు దశాబ్దాలుగా సైకిలు వాడకం తగ్గుతూ వస్తోంది. కాలువలు పూడ్చి రోడ్లు వేశారు, కూడళ్లను కార్ల పార్కింగుకు ఇచ్చేశారు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మందికి పైగా చనిపోతే, వారిలో నాలుగు వందల మందికి పైగా పిల్లలే. కడుపుకోత అనుభవించిన తల్లిదండ్రులు, వాళ్లకు తోడుగా వేలాది మంది, ‘పిల్లల హత్యలు ఆపండి’ అనే పేరుతోనే ఉద్యమం నడిపారు. వీధుల్లో బైఠాయించారు, బడి ముందు రోడ్లను పిల్లల ఆటస్థలాలుగా మార్చి కూర్చున్నారు. 1973 నవంబరు నుంచి కొన్ని వారాల పాటు చమురు ఆదా కోసం ప్రభుత్వం ఆదివారాలు కార్లను నిషేధించినప్పుడు, ఖాళీ రహదారి ఎలా ఉంటుందో దేశమంతా ఒకేసారి చూసింది. కోపం, ఖర్చు, అనుభవం మూడూ అక్కడ కలిసి విధానంగా మారాయి. విడి సైకిలు దారులకు నిధులు వచ్చాయి, నివాస వీధుల్లో వేగాలు తగ్గాయి, ఆ పని ఒక ప్రభుత్వంతో ఆగకుండా యాభై ఏళ్లు సాగింది. ఇవాళ అక్కడి ప్రయాణాల్లో నాలుగో వంతుకు పైగా సైకిలు మీదే జరుగుతున్నాయి. ఒకే ఏడాది, ఒకే సంక్షోభం, రెండు దేశాలు. ఒకచోట జనం సైకిళ్లు కొన్నారు, మరోచోట ప్రభుత్వం చేత రోడ్డు మార్పించారు.

2020 నాటి మోజును ఈ గీటురాయి మీద పెట్టి చూస్తే లెక్క స్పష్టంగా తేలుతుంది. బ్రిటన్‌లో ఆ ఏడాది సైకిళ్లు తిరిగిన మొత్తం దూరం అంతకుముందటి ఏడాదికంటే దాదాపు 46 శాతం పెరిగి 500 కోట్ల మైళ్లకు చేరింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఒక్క ఏడాదిలో అంత పెరుగుదల అక్కడ లేదు. కార్లు మళ్లీ రోడ్డెక్కగానే ఏటా తగ్గుతూ 2023 నాటికి అది 360 కోట్ల మైళ్లకు, అంటే దాదాపు 2019 స్థాయికి వచ్చేసింది. గేర్లు, బ్రేకుల తయారీలో ప్రపంచంలోనే పెద్దదైన జపాన్ సంస్థ షిమానో 2022లో సుమారు 62,900 కోట్ల యెన్‌ల రికార్డు అమ్మకాలు చేసి, మరుసటి ఏడాదే 47,400 కోట్ల యెన్‌లకు జారింది. గిరాకీ ఇలాగే ఉంటుందని ఆర్డర్లు పెట్టిన దుకాణాలు, కంపెనీలు గోదాముల నిండా సరుకుతో చిక్కుకున్నాయి. నెదర్లాండ్స్‌కే చెందిన ఎలక్ట్రిక్ సైకిళ్ల కంపెనీ వాన్‌మూఫ్ 2023లో దివాలా తీసింది. నిజానికి కంపెనీ దివాలా వేరు, సైకిలు వాడకం వేరు. వాన్‌మూఫ్ మూతపడిన వారం కూడా ఆమ్‌స్టర్‌డామ్ పిల్లలు సైకిలు మీదే బడికి వెళ్లారు.

ఇదే కాలంలో పారిస్ మరో దారి పట్టింది. లాక్‌డౌన్ రోజుల్లో పసుపు గీతలు గీసి, సిమెంటు దిమ్మెలు అడ్డం పెట్టి తాత్కాలికంగా ఏర్పాటు చేసిన సైకిలు దారులను తరువాత తీసేయకుండా శాశ్వతం చేసింది. నగరం నడిబొడ్డున ఉండే రివోలి వీధిలో చాలా భాగాన్ని సైకిళ్లకు అప్పగించింది. 2024లో ఆ ప్రాంతపు అధ్యయన సంస్థ వెలువరించిన లెక్కల్లో, పారిస్ నగరం లోపలి ప్రయాణాల్లో సైకిలు వాటా 11 శాతం దాటితే, కారు వాటా నాలుగు శాతం చిల్లర మాత్రమే. ఐరోపాలో 106 నగరాల గణాంకాలతో 2021లో వచ్చిన ఒక పరిశోధన, తాత్కాలిక దారులు వేసిన చోట సైకిలు వాడకం 11 నుంచి 48 శాతం దాకా అదనంగా పెరిగిందని తేల్చింది. గీత గీసి దిమ్మె పెట్టడంతోనే అంత తేడా వచ్చిందంటే, తొక్కాలన్న కోరిక జనంలో అప్పటికే ఉందని, భయమే దాన్ని ఆపుతోందని అనుకోవాలి.

ఇక్కడ ఎండ మాటేమిటన్న సందేహం తెలుగు పాఠకులకు సహజంగా వస్తుంది. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ చల్లటి ఊళ్లు, బెజవాడ మే నెల ఎండలో సైకిలు తొక్కగలమా అని. దీనికి స్పెయిన్ దక్షిణాన ఉన్న సెవిల్ నగరం కొంతవరకు జవాబు. వేసవిలో అక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. 2006కు ముందు అక్కడ సైకిలు వాడకం లెక్కలోకి రానంత తక్కువ. ఏడాదిన్నర కాలంలోనే దాదాపు 80 కిలోమీటర్లు, ఆ తరువాత 120 కిలోమీటర్ల దాకా, ఒకదానితో ఒకటి తెగకుండా కలిసే విడి దారులు వేశారు. అందుకు కావలసిన జాగాలో ఎక్కువ భాగం కార్ల పార్కింగు నుంచి తీసుకున్నారు. నాలుగైదేళ్లలో సైకిలు వాటా ఆరేడు శాతానికి పెరిగింది. ముక్కలు ముక్కలుగా వేయకుండా దారుల వలను మొత్తం ఒకేసారి వేయడం అక్కడ పనిచేసిన కిటుకు. సగం దారి క్షేమంగా ఉండి మిగతా సగం ప్రమాదకరమైతే, బిడ్డను బడికి పంపే తల్లికి ఆ మొత్తం దారీ ప్రమాదకరమే. 2011 తరువాత వచ్చిన పాలకవర్గం శ్రద్ధ తగ్గించేసరికి పెరుగుదల అక్కడితో ఆగింది. వేసిన దారులు మాత్రం మిగిలాయి, వాటితోపాటు తొక్కేవాళ్లలో ఎక్కువ మందీ మిగిలారు.

మన దేశంలోనూ ప్రభుత్వం ఆ క్షణాన్ని పట్టుకోవడానికి ప్రయత్నించింది. 2020 జూన్‌లో కేంద్ర గృహ నిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ స్మార్ట్ సిటీ నగరాలకు సైకిలు సవాలు విసిరింది. వందకు పైగా నగరాలు చేరాయి. తాత్కాలిక దారులు వేసి పరీక్షించడం, తొక్కేవాళ్ల అభిప్రాయాలు సేకరించడం, ఆడవాళ్లకు నేర్పడం వంటివన్నీ అందులో ఉన్నాయి. 2021లో ఎంపికైన 11 నగరాల్లో మన వరంగల్ ఒకటి కావడం తెలుగువాళ్లు సంతోషించదగ్గ విషయమే. అయితే ఆ సవాలులోని చాలా దారులు రంగుతో, బొల్లార్డులనే పొట్టి ప్లాస్టిక్ స్తంభాలతో వేసినవి. రంగు ఏడాదిలో వెలిసిపోతుంది, బొల్లార్డులు ఒక్కొక్కటిగా విరిగిపోతాయి, విరిగిన చోట మొదట ఒక ఆటో, తరువాత టిఫిన్ బండి, ఆ తరువాత కార్ల వరుస వచ్చి చేరతాయి. తాత్కాలిక దారి పరీక్ష మాత్రమే. పరీక్ష అయ్యాక గట్టు కట్టి దాన్ని శాశ్వతం చేయకపోతే ఆ ఖర్చంతా వృథా.

హైదరాబాదులో మాత్రం గట్టి కట్టడమే వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు వెంట నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ దాకా, నార్సింగి నుంచి కొల్లూరు దాకా, మొత్తం 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023 అక్టోబరు 1న మొదలైంది. 4.5 మీటర్ల వెడల్పు, నెత్తిన సౌర ఫలకాల కప్పు, ఆ ఫలకాల నుంచి 16 మెగావాట్ల విద్యుత్తు. ఎండకూ వానకూ కప్పు ఉన్న ఇలాంటి దారి దేశంలో మరొకటి లేదు, దాన్ని కట్టినవాళ్లను మెచ్చుకోవాల్సిందే. తెల్లవారుజామున అక్కడ వందల మంది తొక్కుతారు, పిల్లలు నేర్చుకుంటారు. కానీ ఆ దారి దగ్గరికి చాలామంది వచ్చేది కారులో. సైకిలును కారు వెనక ఉండే ర్యాక్‌కు తగిలించుకుని వస్తారు, లేదా అక్కడే అద్దెకు తీసుకుంటారు, తొక్కి మళ్లీ కారెక్కి ఇంటికి వెళతారు. ఇంటి నుంచి ఆ దారికి, ఆ దారి నుంచి ఆఫీసుకు క్షేమంగా సైకిలు మీద చేరే మార్గం చాలామందికి లేదు. ఈ లోటు తీరనంతకాలం ఎంత బాగున్నా అది రవాణా దారి అనిపించుకోదు, పార్కు కిందికే వస్తుంది. నగరానికి పార్కులూ కావాలి, అందులో సందేహం లేదు. పార్కుకు వచ్చినవాళ్లను చూసి ప్రయాణం మారిందనుకోవడంతోనే పొరపాటు మొదలవుతుంది.

అదే పశ్చిమ హైదరాబాదులో రాత్రి కాపలా ముగించుకుని ఇంటికి బయల్దేరే ఒక వాచ్‌మన్ దారి చూస్తే తేడా తెలుస్తుంది. అతను ఉండే బస్తీ రోడ్డుకు సరిగ్గా అవతల, ముప్ఫై మీటర్ల దూరంలో ఉంది. మధ్యలో డివైడర్. సిగ్నళ్లు తీసేసి యూటర్న్‌లు పెట్టిన రోడ్డు కాబట్టి దాటడానికి వీలు లేదు, అర కిలోమీటరు ముందుకు వెళ్లాలి. యూటర్న్ దగ్గరపడేకొద్దీ ఎడమ అంచు నుంచి కుడి అంచుకు మూడు వరుసల వాహనాలను కోసుకుంటూ జరగాలి. వెనక ఏం వస్తోందో చూడటానికి సైకిలుకు అద్దం ఉండదు, మెడ తిప్పితే హ్యాండిల్ ఊగుతుంది. తిరిగాక మళ్లీ కుడి నుంచి ఎడమకు అదే సాహసం, ఆపైన అర కిలోమీటరు వెనక్కి. ముప్ఫై మీటర్లకు కిలోమీటరు. మోటారు వాహనానికి అది రెండు నిమిషాల పని, కాళ్లతో తొక్కే మనిషికి ప్రాణం అరచేతిలో పెట్టుకునే ప్రయాణం. అందుకే చాలామంది రోడ్డు అంచున ఎదురు దిశలో వస్తారు, రాంగ్ రూటు అని తిట్లు తింటారు. తప్పు ఎక్కడుందో ఆ యూటర్న్ గీసినప్పుడే తేలిపోయింది. దేశంలో ఏటా నాలుగు వేల మందికి పైగా సైకిలు మీద వెళుతూ రోడ్డు ప్రమాదాల్లో చనిపోతున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఇలాంటి పనివాళ్లే అయివుంటారని రోడ్డు చూసిన ఎవరైనా చెప్పగలరు.

వీళ్ల సంఖ్య చిన్నదేమీ కాదు. 2011 జనగణనలో, వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాక ఇతర పనులు చేసేవాళ్లలో 13 శాతం మంది, అంటే రెండున్నర కోట్లకు పైగా, పనికి సైకిలు మీద వెళుతున్నట్టు తేలింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని సుమారు సగం ఇళ్లలో సైకిలు ఉంది. పశ్చిమ బెంగాల్, ఉత్తరప్రదేశ్, ఒడిశాల్లో అయితే పది ఇళ్లకు ఏడెనిమిదింటిలో ఉంది. 2020 నాటి మోజు ఈ సముద్రం మీద లేచిన ఒక అల. నిలవడం గురించి ఆందోళన పడాల్సింది అల గురించి కంటే సముద్రం గురించి. ఎందుకంటే సముద్రమే తగ్గిపోవచ్చు. 1986లో బీజింగ్ ప్రయాణాల్లో 60 శాతానికి పైగా సైకిలు మీద జరిగేవి. పాతికేళ్లలో ఆ వాటా మొత్తం ప్రయాణాల్లో అయిదో వంతు లోపుకు దిగింది. అంత లోతుగా వేళ్లూనిన అలవాటు కూడా, రోడ్డు కార్లదై, ఊరు దూరాలకు విస్తరించి, సైకిలు పేదరికానికి గుర్తయినప్పుడు ఒక్క తరంలో చెదిరిపోయింది. కోల్‌కతాలో 2013లో 174 రోడ్ల మీద సైకిళ్లను నిషేధించారు. పాలవాళ్లు, పత్రికలు వేసేవాళ్లు, కూరగాయలవాళ్లు జరిమానాలు కట్టారు. మన ఊళ్లలో నిషేధపు బోర్డు ఉండకపోవచ్చు, ఫ్లైఓవర్లు, యూటర్న్‌లు ఆ పనే నిశ్శబ్దంగా చేస్తున్నాయి.

ఒకప్పుడు తెలుగు పట్టణాల్లో సైకిలు ఇంటి మనిషిలాంటిది. గంటకింత అని అద్దెకు తీసుకుని, ఫ్రేములో నుంచి కాలు దూర్చి పెడలు మీద వేసి నేర్చుకోని మగపిల్లవాడు అరుదు. డైనమో వెలగకపోయినా, వెనక మరొకరిని ఎక్కించుకున్నా పోలీసులు ఆపే రోజులవి. ఆ సైకిలును నడిపించింది వీధి చివరి సైకిలు షాపు. సైకిలును బోర్లా వేసి, ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, ఇనప తొట్టిలోని నీళ్లలో కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పితే చిల్లు పడ్డచోట బుడగలు లేచేవి. అక్కడ గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, ఆరనిచ్చి, రబ్బరు ముక్క అతికించి నాలుగు దెబ్బలు కొట్టేవాళ్లు. పది నిమిషాల పని, చిల్లర డబ్బులు. ఆ షాపులు ఇప్పుడు మోటారు సైకిళ్ల పంచర్లు వేస్తున్నాయి, లేదా మూతపడ్డాయి. ఇరవై వేలు పెట్టి కొన్న గేర్ల సైకిలుకు గేరు తీగ సాగినా, డిస్కు బ్రేకు రాసుకున్నా తీసుకెళ్లాల్సిన దుకాణం ఊరి అవతల ఉంటుంది, సైకిలును అక్కడికి చేర్చడానికి కారో ఆటోనో కావాలి. సెల్లార్లలోని సైకిళ్లలో సగానికి సగం యజమానికి విసుగు పుట్టి మూలపడినవి కావు, మొదటి పంచరుతో మూలపడినవే అయివుండాలి. మరమ్మతు అందుబాటులో లేని వస్తువు అలవాటుగా మారడం కష్టం.

అవసరంతో ముడిపడిన సైకిలు ఎంత గట్టిగా నిలుస్తుందో బడిపిల్లల విషయంలో చూడవచ్చు. బిహార్ 2006లో తొమ్మిదో తరగతి చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి రెండు వేల రూపాయలివ్వడం మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు జరిపిన అధ్యయనంలో, ఆ పథకం వల్ల ఉన్నత పాఠశాలలో ఆడపిల్లల చేరిక దాదాపు మూడో వంతు పెరిగిందని, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గిందని తేలింది. బడి మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న ఊళ్లలోనే ఆ ఫలితం ఎక్కువగా కనిపించింది. తమిళనాడు రెండు దశాబ్దాలకు పైగా పదకొండో తరగతి పిల్లలకు సైకిళ్లిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘బడికొస్తా’ పేరుతో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు ఇచ్చారు. పొద్దున ఎనిమిదిన్నరకు ఊరి రోడ్డు మీద నాలుగు సైకిళ్లు పక్కపక్కన, జడలు ఊగుతుండగా మాట్లాడుకుంటూ సాగిపోయే ఆడపిల్లలను చూసినవారికి సైకిలు ఏం చేయగలదో ఎవరూ వివరించనక్కర్లేదు. తండ్రినో అన్ననో బతిమాలకుండా బడికి వెళ్లి రాగలగడం ఆ పిల్లకు చిన్న విషయం కాదు. ఇలాంటి వాడకం ఫ్యాషన్‌తో రాలేదు కాబట్టి ఫ్యాషన్‌తో పోదు. అయితే పథకం ఆగితే ఆగుతుంది, రోడ్డు మీద లారీలు పెరిగితే ఆగుతుంది, ఇంటర్ చదువుకు పట్టణం వెళ్లగానే చాలామందికి అక్కడితో ముగుస్తుంది.

పెద్దయ్యాక సైకిలు దిగిపోవడానికి పరువు కూడా ఒక కారణమన్నది దాచనక్కర్లేదు. వాయిదాల మీద మోటారు సైకిలు దొరుకుతున్న కాలంలో, పెళ్లి సంబంధాల మాటల్లో బండి ఉందా అని అడిగే సమాజంలో, సైకిలు మీద ఆఫీసుకు వచ్చే గుమాస్తాను చూసే చూపు వేరు. కానీ ఈ చూపు మారనిదేమీ కాదు. చదువు, ఉద్యోగాల కోసం నెదర్లాండ్స్ వెళ్లిన తెలుగువాళ్లు, ఇక్కడుండగా పదో తరగతి తరువాత సైకిలు ముట్టనివాళ్లు కూడా, అక్కడ వానలోనైనా సైకిలు మీద రైల్వే స్టేషనుకు వెళతారు. మనిషి అదే, పరువు అదే, దారి మాత్రం మారింది.

2025 సెప్టెంబరులో సైకిళ్ల మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. మామూలు సైకిలు కొనేవాడికి ఇది నిజమైన ఊరట. 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్ల పరిమితిలో ఉండే ఎలక్ట్రిక్ సైకిలుకు రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కర్లేకపోవడం కూడా మేలే. విశాఖ లాంటి ఎగుడుదిగుడు ఊళ్లకు, ఎదురుగాలికి, వయసు మళ్లినవాళ్లకు అది బాగా పనికొస్తుంది. అయితే ఇవన్నీ సైకిలును ఇంటికి తెచ్చే చర్యలు. ఇంటి నుంచి బయటికి తీసే చర్యలు మునిసిపాలిటీ చేతిలో ఉన్నాయి, వాటికి ఖర్చు కంటే కావలసింది కార్ల పార్కింగు నుంచి రెండు మీటర్ల జాగా అడిగే ధైర్యం. ఐదు కిలోమీటర్ల లోపు ప్రయాణానికి గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కితే పట్టేది ఇరవై నిమిషాలు. బడులు, రైల్వే స్టేషన్లు, మార్కెట్ యార్డుల చుట్టూ ఆ ఐదు కిలోమీటర్లను ముందు బాగుచేస్తే చాలు. వరంగల్, విజయవాడ, రాజమండ్రి పరిమాణమున్న ఊళ్లలో ఇది హైదరాబాదులో కంటే తేలిక.

2020లో మొదలైనదంతా పోయిందనడం కూడా న్యాయం కాదు. వారాంతపు సైకిలు బృందాలు చాలా ఊళ్లలో నిలబడ్డాయి. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాల్సిన, బ్రెవేలనే దూరపు సైకిలు యాత్రలు హైదరాబాదులో క్రమం తప్పకుండా జరుగుతున్నాయి, నడివయసులో మొదలుపెట్టి 600 కిలోమీటర్ల దాకా వెళ్లినవాళ్లున్నారు. వీళ్ల సంఖ్య కొద్దిదే అయినా వీళ్లకు అధికారుల దగ్గర మాట చెల్లుతుంది, పత్రికల్లో చోటు దొరుకుతుంది. ఆ పలుకుబడిని విహార దారుల కోసమే వాడుతారా, వాచ్‌మన్ దాటాల్సిన ఆ ముప్ఫై మీటర్ల కోసం కూడా వాడుతారా అన్నదాని మీద చాలా ఆధారపడి ఉంది.

అందుకు మొదటి మెట్టుగా లెక్కపెట్టే పద్ధతి మారాలి. సైకిళ్ల అమ్మకాలు, ఇంట్లో సైకిలు ఉందా లేదా అన్న ప్రశ్న, ఆదివారం ఉదయం ఆరింటికి సౌర దారి మీద ఎందరున్నారన్న అంచనా, వీటిలో ఏదీ తొక్కే మనిషిని పట్టుకోదు. మామూలు బుధవారం నాడు నగరంలోని ఒక పెద్ద కూడలిలో తెల్లవారుజామున నాలుగున్నరకు పత్రికలవాళ్లు బయల్దేరే వేళ నుంచి, రాత్రి పదింటికి హోటల్ పనివాళ్లు ఇంటికి వెళ్లే వేళ దాకా మనిషిని కూర్చోబెట్టి, వెళ్లిన ప్రతి సైకిలునూ, అది ఎటు తిరిగిందో, ఎక్కడ దిగి తోసుకుంటూ దాటిందో రాయించాలి. మరుసటి ఏడాది అదే బుధవారం మళ్లీ రాయించాలి. పారిస్‌లో, సెవిల్‌లో దారులు నిలబడటానికి అలాంటి లెక్కలు చేతిలో ఉండటం ఎంతో తోడ్పడింది. తెలుగు నగరాల్లో ఏ కూడలికీ అలా ఏటేటా రాసిన పుస్తకం ఉన్నట్టు కనిపించదు.